1971 కార్వెట్‌కి సైడ్ పైపులు: ఎక్కడ బిగించాం, ఎక్కడ వదిలాం

కారు 1971 షెవ్రొలే కార్వెట్, సీ3, అంటే మూడో తరం. ఇంజిన్ 350 (ఘనపు అంగుళాలు), అంటే 5.7 లీటర్ల వీ8. ఆ ఏడాది కంపెనీ లెక్కలో 270 హార్స్ పవర్. నాలుగు గేర్ల మాన్యువల్. ఉక్కు ఫ్రేమ్ మీద ఫైబర్‌గ్లాస్ బాడీ. యజమాని తెచ్చింది హెడర్లతో, అంటే ఇంజిన్ పొగని బయటికి తెచ్చే గొట్టాలతో, కలిపి వచ్చే సైడ్ పైపుల కిట్. ఇంజిన్ రెండు వైపులా నాలుగేసి గొట్టాలు ముందు చక్రం వెనక నుంచి బయటికొచ్చి కలెక్టర్‌లో ఒకటవుతాయి. అక్కణ్ణుంచి తలుపు కింద పొడుగునా లావు పైపు, దాని కడుపులోనే సైలెన్సర్ ఇన్సర్టు. వెనక చక్రానికి కాస్త ముందు మూతి.

ఈ కార్లకు సైడ్ పైపులు కొత్తేం కాదు. 1965లో ఎన్14 అనే కోడ్‌తో కంపెనీయే ఆప్షన్‌గా ఇచ్చింది, 1967 దాకా నడిచింది. సీ3 వచ్చాక 1969లో ఒక్క ఏడాది మళ్లీ ఇచ్చి ఆపేసింది. కాబట్టి 1971 కారుకి ఇవి పెట్టడమంటే బయటి కంపెనీ కిట్టే గతి. 1975 నుంచి కార్వెట్‌కి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. దాన్ని తీసి ఇలాంటి పైపులు పెట్టడం అమెరికాలో చట్టవిరుద్ధం. అందుకే ఈ పనికి ఎవరైనా కారు తెస్తే నేను ముందు చూసేది తయారైన సంవత్సరమే.

యజమాని పెద్దాయన. ఆయన కోరినవి రెండే. "బాబూ, సౌండ్ రావాలి. కానీ పక్క సీట్లో మా అమ్మాయి మాట్లాడితే నాకు వినపడాలి." రెండోది: పాత భాగాలన్నీ భద్రంగా దాచాలి, ఎప్పుడైనా కారుని మళ్లీ యథాతథంగా చేయగలగాలి. ఈ రెండు షరతులే తర్వాత చాలా నిర్ణయాలు తీసుకున్నాయి.

ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది

షెవ్రొలే చిన్న వీ8 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-8-4-3-6-5-7-2. ఎడమ వైపు 1, 3, 5, 7 సిలిండర్లు, కుడి వైపు 2, 4, 6, 8. క్రాంక్ ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండర్ పేలుతుంది. మొత్తంగా చూస్తే లెక్క సమానమే. ఒక వైపే వింటే మాత్రం కాదు. ఎడమ వైపు 5 పేలిన వెంటనే 7 పేలుతుంది, మధ్యలో 90 డిగ్రీలే. 1కీ 3కీ మధ్య ఏకంగా 270. కుడి వైపు 8, 4 వెంటవెంటనే వస్తాయి, 6కీ 2కీ మధ్య పెద్ద ఖాళీ. మామూలు డ్యుయల్ ఎగ్జాస్ట్‌లో రెండు వైపులనూ కలిపే అడ్డపైపు ఉంటే ఈ ఎగుడుదిగుడు కొంత సర్దుకుంటుంది. సైడ్ పైపుల్లో అడ్డపైపుకి చోటే లేదు. ఎవరి వైపు దరువు వాళ్లదే. పేవ్‌మెంట్ మీద నిలబడ్డవాడికి వినపడే ఆ గుడగుడ అదే. కారు లోపల కూర్చున్నవాడికి ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి. ఈ పైపుల మీద మోజు పడే వాళ్లంతా మోజు పడేది దీని మీదే, నాతో సహా.

విప్పక ముందు

కారుని రాంప్ ఎక్కించి మొదట చూసింది ఎగ్జాస్ట్‌ని కాదు, ఇంజిన్‌ని ఫ్రేమ్ మీద మోసే మౌంట్లని. కారణం చెబుతాను, ఈ మొత్తం పనికి అదే కీలకం.

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఒరుగుతుంది. ముందు నుంచి చూస్తే క్రాంక్ సవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి బ్లాక్ అపసవ్య దిశలో తన్నుతుంది, అంటే ఎడమ పక్క పైకి లేస్తుంది. మామూలు ఎగ్జాస్ట్‌లో పైపులు ఇంజిన్ పక్కనుంచే నేరుగా కిందికి దిగిపోతాయి. క్రాంక్‌కి అంత దగ్గరగా ఉన్న పైపు పెద్దగా కదలదు. సైడ్ పైపుల సంగతి వేరు. వీటి కలెక్టర్ క్రాంక్ మధ్యగీత నుంచి దాదాపు 70 సెంటీమీటర్లు బయటికి పోయి ఉంటుంది. ఇంజిన్ ఒక్క డిగ్రీ ఒరిగితే అంత దూరంలో కలెక్టర్ 12 మిల్లీమీటర్లు లేస్తుంది. అరిగిన మౌంట్ మీద అది ఇంకా ఎక్కువ. హెడర్ కలెక్టర్ దగ్గర చీలిన కార్లు నా దగ్గరికి వస్తుంటాయి. చాలావాటిలో నాసిరకం వెల్డింగు కంటే ముందు కనపడేది ఇదే: ఇంజిన్ కదులుతుంది, పైపుని మాత్రం కదలకుండా కట్టేసి ఉంటారు.

ఈ కారులో ఎడమ మౌంట్ రబ్బరు పగిలి, లోహం నుంచి సగం ఊడి ఉంది. ఆ కాలపు షెవ్రొలేలకు ఇది పాత జబ్బు. 1971లో షెవ్రొలే మాతృసంస్థ జీఎం ఇలాంటి మౌంట్ల కారణంగానే 67 లక్షల దాకా వాహనాలను వెనక్కి పిలిపించి, ఇంజిన్ లేవకుండా కేబుల్ కట్టి ఇచ్చింది. మేము రెండు వైపులా కొత్త మౌంట్లు వేశాం, ఊడినా విడిపోకుండా లోహంతో లోహం కొక్కెం పడే రకం. రబ్బరు తీసేసి గట్టి మౌంట్లు పెడితే కదలిక సమస్యే ఉండదని ఒక సలహా వినపడుతుంటుంది. రేసు కారుకి సరే. రోడ్డు మీద తిరిగే కారుకి పెడితే ఇంజిన్ వణుకంతా ఫ్రేమ్‌లోకి, అక్కణ్ణుంచి సీట్లోకి వస్తుంది. పెద్దాయన రెండో షరతు సంగతి దేవుడెరుగు, మొదటి షరతే పోతుంది.

విప్పడం

పాత మేనిఫోల్డ్ (హెడర్ చోట కంపెనీ పెట్టిన పొగ గొట్టం) బోల్టులకు ముందు రోజు నుంచే పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించి ఉంచాం. రాకపోతే ఇంజిన్ కాస్త వేడెక్కించి, బిగించే దిశలో ఒక వెంట్రుకవాసి తిప్పి తర్వాత వదులు చేస్తే తుప్పు పట్టు విడుస్తుంది. హెడ్‌లో బోల్టు విరిగితే ఆ రోజు పని అంతటితో సరి, కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు.

మాన్యువల్ గేర్‌బాక్స్ సీ3లో పాత పైపులు ఫ్రేమ్‌కి అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌లో ఉన్న రంధ్రాల గుండా పోతాయి. వాటిని కోయకుండా బయటికి లాగడం కష్టం. కోసే చోటు ముందే గుర్తుపెట్టుకుని, మళ్లీ స్లీవ్ వేసి కలపడానికి వీలుగా తిన్నటి ముక్కలో కోశాం. మేనిఫోల్డులు, సైలెన్సర్లు, తలుపు కింది అలంకార పట్టీలు, వాటి స్క్రూలతో సహా చీటీలు కట్టి పెట్టెలో పెట్టి ఇచ్చాం.

హెడర్లు కూర్చోబెట్టడం

కిట్ పెట్టెలోంచి తీయగానే ఫ్లాంజ్ (ఇంజిన్‌కి బిగించే పలక) మీద తిన్నటి స్కేలు ఆనించి చూడాలి. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంగడం మామూలు. కుడి హెడర్ ఫ్లాంజ్ మధ్యలో కాగితం దూరేంత సందు ఉంది, గ్రైండ్ చేయించి చదును చేశాకే ముందుకెళ్లాం.

ఎడమ వైపు ఇరుకు ఎక్కువ. స్టీరింగ్ షాఫ్ట్, క్లచ్ పెడల్ కదలికని చేరవేసే క్రాస్ షాఫ్ట్, ఆయిల్ ఫిల్టర్, డిప్‌స్టిక్ గొట్టం, పవర్ స్టీరింగ్ వాల్వు, దాని హోసులు, అన్నీ ఆ పక్కే. సందు ఉందా లేదా అన్నది కంటితో చూసి చెప్పేది కాదు. పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ ముద్దలు చేసి, గొట్టానికీ స్టీరింగ్ షాఫ్ట్‌కీ మధ్య, గొట్టానికీ క్లచ్ షాఫ్ట్‌కీ మధ్య అతికించాం. పాత మేనిఫోల్డులు ఇంకా ఉన్నప్పుడే నా దగ్గర పనిచేసే కుర్రాడు కారులో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ మీద ఇంజిన్‌కి లోడు ఇచ్చాడు, అది ఎంత ఒరిగిందో గుర్తుపెట్టుకున్నాం. హెడర్లు పెట్టాక చైన్‌తో, జాకీతో ఇంజిన్‌ని అంతే మేర ఒరిగించాం. తర్వాత ముద్దలు తీసి మధ్యకి కోసి వెర్నియర్‌తో మందం కొలిస్తే అసలు సందు తెలుస్తుంది. స్టీరింగ్ షాఫ్ట్ దగ్గర 11 మిల్లీమీటర్లు వచ్చింది, సరిపోతుంది. క్లచ్ షాఫ్ట్ దగ్గర 4. "అన్నా, తగలట్లేదు కదా" అన్నాడు కుర్రాడు. చల్లగా ఉన్నప్పుడు తగలదు. గొట్టం ఎర్రబడేంత వేడెక్కి సాగితే తగులుతుంది, అప్పుడు క్లచ్ తొక్కిన ప్రతిసారీ టిక్కుమంటుంది. ఆ గొట్టాన్ని ఆ ఒక్క చోట వేడి చేసి, గుండ్రటి డై ఆనించి కొంచెం నొక్కాం. ఇలా నొక్కితే ఫ్లో పోతుందని కొందరు భయపడతారు. 350 మామూలు ఇంజిన్‌కి ఆ చిన్న నొక్కు వల్ల రోడ్డు మీద తేడా తెలియదు. బోల్టులు 3/8 అంగుళాలవి, మధ్య నుంచి బయటికి 25 అడుగు-పౌండ్లకు బిగించాం.

కుడి వైపు ఇబ్బంది స్టార్టర్. అది ఇంజిన్ కింద కుడి పక్కే ఉంటుంది, హెడర్ గొట్టం దాన్ని రాసుకుంటూ పోతుంది. ఎండలో అరగంట నడిపి ఆపితే స్టార్టర్ మీదుండే సాలినాయిడ్ స్విచ్ ఉడికిపోయి మళ్లీ స్టార్ట్ కాదు. రేకు షీల్డ్ వేసి, దాని కేబుల్‌కి వేడి ఆపే స్లీవ్ తొడిగి, క్లిప్‌తో గొట్టానికి దూరంగా లాగి కట్టాం. ఈ కారులో పెట్రోల్ లైన్ కూడా కుడి ఫ్రేమ్ వెంబడే వస్తుంది, దానికీ అదే మర్యాద.

ఇక ఫెండర్ (ముందు చక్రాన్ని కప్పే బాడీ భాగం) కింది అంచు. పైపు బయటికొచ్చే చోట ఫైబర్‌కి అతి దగ్గరగా పోతోంది. కోయకుండా కుదురుతుందేమోనని యజమాని ఆశ. హెడర్ తాత్కాలికంగా పెట్టి ఆయన్నే కింద పడుకోబెట్టి చూపించాం. సందు వేలు పట్టేంత. ఆయనే ఒప్పుకున్నారు. మాస్కింగ్ టేపు అంటించి, గీత గీసి, చిన్న రోటరీ కట్టర్‌తో గీతకి లోపలే కోసి, మిగతాది ఆకురాయితో అరగదీసుకుంటూ వచ్చాం. ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, మాస్కు లేకుండా ఈ పని చేయనివ్వను. కోసిన అంచుని రెజిన్‌తో మూసేయాలి, లేకపోతే నీరు గాజు పోగుల్లోకి ఎక్కి ఏడాదికి పెయింటు పొక్కుతుంది. కోసిన ముక్కని పారేయలేదు. అది కూడా పెట్టెలోకే వెళ్లింది.

పైపుని వేలాడదీయడం

కిట్‌తో వచ్చిన బ్రాకెట్లు చదును పట్టీలు. ముందొకటి, వెనకొకటి, నాలుగు బోల్టులతో ఫ్రేమ్‌కి బిగించేయడమే. వాటిని పక్కన పెట్టాం.

సైడ్ పైపు పొడుగు 1.4 మీటర్లు. ఉక్కు ప్రతి డిగ్రీకి, ప్రతి మీటరుకి 0.012 మిల్లీమీటరు సాగుతుంది. హైవే మీద పైపు 350 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే దాదాపు 6 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ముందు వైపు ఇంజిన్‌కి కట్టి ఉంది. వెనక వైపు ఫ్రేమ్‌కి గట్టిగా కడితే ఆ 6 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? పైపు మధ్యలో విల్లులా వంగి ఫైబర్ వైపో, రోడ్డు వైపో తిరుగుతుంది, లేదా కలెక్టర్ దగ్గర అతుకు చీలుతుంది. పైగా ఇంజిన్ ఒరిగినప్పుడు లేచే 12 మిల్లీమీటర్లు ఉండనే ఉన్నాయి.

కాబట్టి మేము పనిని మూడుగా విడగొట్టాం. కలెక్టర్‌కీ పైపుకీ మధ్య కిట్‌లో ఉన్న చదును ఫ్లాంజ్ తీసేసి బాల్ జాయింట్ ఫ్లాంజ్ వెల్డ్ చేశాం. గుండ్రటి తల గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది, స్ప్రింగ్ బోల్టులు పట్టి ఉంచుతాయి, ఇంజిన్ ఒరిగితే అక్కడ తిరుగుతుంది. దాని వెనకే ముందు హ్యాంగర్. పైపు బరువు మోసేది ఇదే, హెడర్ కాదు. ఫ్రేమ్‌కి వెల్డ్ చేయకుండా బోల్టు చేసిన బ్రాకెట్, మధ్యలో వేడి తట్టుకునే రబ్బరు బుష్. మూతి దగ్గర వెనక హ్యాంగర్: పక్కలకి కదలనివ్వదు, వెనక్కి జారనిస్తుంది. బ్రాకెట్‌లో బోల్టు రంధ్రం బదులు 15 మిల్లీమీటర్ల గాడి, చల్లగా ఉన్నప్పుడు బోల్టు గాడి ముందు కొసన ఉండేట్టు అమర్చాం. పైపులో ఏ భాగమూ ఫైబర్ బాడీని పట్టుకుని లేదు. బాడీకి ఉన్నది పైన కవరు మాత్రమే, దానికీ పైపుకీ మధ్య అన్ని చోట్లా కనీసం 20 మిల్లీమీటర్లు.

యజమాని వచ్చి పైపుని చేత్తో ఊపి చూశారు. అది ఊగింది. "వదులుగా ఉంది కదయ్యా" అన్నారు. అవును సార్, వదులుగానే ఉండాలి. చల్లటి పైపు చేతికి గట్టిగా తగిలితే వేడెక్కాక దానికి చోటు లేదన్నమాట.

వేడి

కార్వెట్ బాడీలో వాడిన పాలియెస్టర్ రెజిన్ ఎక్కువ వేడికి మెత్తబడుతుంది. పైపుకి ఎదురుగా ఉన్న ఫైబర్ మీద అల్యూమినియం రేకు షీల్డ్ వేశాం, నేరుగా అతికించకుండా సెరామిక్ వాషర్ల మీద 8 మిల్లీమీటర్ల గాలి సందు వదిలి. వేడిని ఆపేది ఆ రేకు కన్నా ఆ సందే. హెడర్లకు లోపలా బయటా సెరామిక్ కోటింగ్ చేయించాం. టేపు చుట్టమని చాలామంది చెబుతారు. టేపు వేడిని ఆపుతుంది, నిజమే, కానీ తేమని కూడా పట్టి ఉంచుతుంది. మామూలు స్టీలు గొట్టం దాని కింద కనపడకుండా తుప్పు పడుతుంది.

ఉష్ణోగ్రత కొలిచే వాళ్లకి ఒక మాట. క్రోమ్ పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ గురిపెడితే అది చూపే అంకె నమ్మకండి. మెరిసే లోహం తన వేడిని సరిగా వెలువరించదు, గన్ చాలా తక్కువ చూపిస్తుంది. మేము పైపు మీద రూపాయి బిళ్లంత మేర వేడి తట్టుకునే నల్ల మ్యాట్ పెయింటు వేసి అక్కడ కొలిచాం, ఫైబర్ లోపలి వైపు థర్మోకపుల్ అతికించాం. అరగంట హైవే తర్వాత కారు ఆపాం. నడుస్తున్నప్పుడు గాలి చల్లారుస్తుంది, ఆపాక ఫైబర్ ఇంకా వేడెక్కుతుంది, కొలవాల్సింది అప్పుడే. ఆపిన పది నిమిషాలకి అత్యధికంగా 54 డిగ్రీలు వచ్చింది. పైపు మీద కవరు అంతకన్నా చాలా వేడి. చీరతో, నిక్కరుతో దిగేవాళ్ల పిక్క దానికి తగిలితే బొబ్బే. తలుపు లోపలి అంచు మీద హెచ్చరిక స్టిక్కరు అతికించాం. అది చాలదు. దిగే ప్రతి మనిషికీ నోటితో చెప్పాలని యజమానికి గట్టిగా చెప్పాను.

స్టార్ట్ చేశాక

మొదటి వేడి తర్వాత పూర్తిగా చల్లారనిచ్చి హెడర్ బోల్టులు మళ్లీ బిగించాం. ప్రతి బోల్టూ కొంత తిరిగింది. గాస్కెట్ నలిగి కూర్చోవడం అంటే అదే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కుడి వైపు పటపటమంటూ చిన్న పేలుళ్లు వచ్చాయి. చాలామంది దీన్ని కార్బ్యురేటర్ మీదికి నెట్టేస్తారు. నేను ముందు లీకు వెతుకుతాను. ఫ్లాంజ్ దగ్గర సన్నటి సందు ఉంటే పీల్పుకి బయటి గాలి లోపలికొచ్చి, కాలని పెట్రోలు అక్కడ అంటుకుంటుంది. చల్లటి ఇంజిన్‌కి వాక్యూమ్ క్లీనర్ గాలిని మూతిలోంచి ఎదురు ఊది, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే వెనక సిలిండర్ దగ్గర బుడగలు కనపడ్డాయి. అక్కడ గాస్కెట్ మార్చాక పేలుళ్లు ఆగాయి.

మిశ్రమం కొంచెం పలచబడింది. పొగ తేలిగ్గా బయటికి పోతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది కాబట్టి ఇది ఎదురుచూసిందే. క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌లో ప్రైమరీ జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు) ఒక సైజు పెంచాం. ఇంకో సంగతి, ఛోక్, అంటే చల్లటి ఇంజిన్‌కి గాలి తగ్గించే మూత. పాత కుడి మేనిఫోల్డ్ కింద హీట్ రైజర్ వాల్వు ఉండేది, చల్లటి ఇంజిన్‌లో వేడి పొగని ఇన్‌టేక్ కిందికి మళ్లించేది, ఛోక్ కాయిల్ ఆ వేడికి తెరుచుకునేది. హెడర్లలో ఆ వాల్వు లేదు. ఛోక్ చాలాసేపు మూసుకునే ఉండిపోయి ఇంజిన్ నల్లటి పొగ కక్కింది. ఛోక్ రాడ్ సర్ది సరిచేశాం. చల్లటి ప్రాంతంలో తిరిగే కారైతే ఎలక్ట్రిక్ ఛోక్ పెట్టమని చెప్పేవాణ్ని.

శబ్దం. కాలిఫోర్నియాలో ఇలాంటి కార్లకు హద్దు 95 డెసిబెల్స్. మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి నిలబెట్టి కొలుస్తారు. మేము ఆ పద్ధతినే కొలమానంగా పెట్టుకుని 3600 ఆర్‌పీఎం దగ్గర చూశాం. కిట్‌తో వచ్చిన ఇన్సర్టులతో 98. వాటి స్థానంలో గాజు ఊలు చుట్టిన పొడుగాటి ఇన్సర్టులు పెడితే 92కి దిగింది. గుడగుడ పోలేదు, కరకు పోయింది. తలుపు కింద, ఫ్లోర్ మీద డ్యాంపింగ్ షీటు వేశాం.

చివరిగా కార్బన్ మోనాక్సైడ్. సైడ్ పైపు మూతి సీటుకి కొద్దిగా వెనకే, కిటికీ దించితే పొగకి లోపలికి దారి దగ్గర. మూతుల్ని బయటికీ కిందికీ వంచిన కొసలతో మార్చాం, గేర్ లివర్ బూటు, ఫైర్‌వాల్ రబ్బరు బిళ్లలు కొత్తవి వేశాం. కిటికీలు దించి, ఎత్తి, నిలబెట్టి ఐడిల్‌లో, నెమ్మదిగా నడుపుతూ మీటరుతో చూశాం. కిటికీ దించి గాలి వెనక నుంచి వీస్తున్నప్పుడు ఐడిల్‌లో మాత్రమే అంకె కాస్త లేచింది. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఆగితే ఇంజిన్ ఆపమని, లేదా కిటికీలు మూసి బ్లోయర్ వేయమని రాసిచ్చాం. మీటరొకటి కారులోనే ఉంచారు.

ఒక సీజన్ తిరిగాక కారు మళ్లీ రాంప్ ఎక్కింది. బాల్ జాయింట్ పెదవుల మీద సన్నటి మెరుపు గీత, అంటే అది తిరుగుతోంది. వెనక హ్యాంగర్ గాడిలో బోల్టు రుద్దిన జాడ కుడి వైపు 5 మిల్లీమీటర్లు, ఎడమ వైపు 6. కలెక్టర్ వెల్డుల మీద చీలికల్ని బయటపెట్టే డై పెనెట్రెంట్ రంగు పూసి చూస్తే చీలిక లేదు. కోసిన ఫెండర్ అంచు దగ్గర పెయింటు మామూలుగానే ఉంది. కుడి ముందు హ్యాంగర్ రబ్బరు బుష్ మాత్రం వేడికి గట్టిపడింది. దాన్ని మార్చి, ఆ బ్రాకెట్‌కి కూడా ఒక చిన్న రేకు షీల్డ్ పెట్టాం. ఈ పైపులున్న కారుని రెండు స్తంభాల లిఫ్ట్ మీద ఎత్తాలంటే చేతులు ఫ్రేమ్ ప్యాడ్ల కిందికి పోయే దారిలో పైపే అడ్డం వస్తుంది. ప్యాడ్ మీద ఎత్తు దిమ్మెలు పెట్టి ఎత్తాలని టైర్ల షాపు వాళ్లకి చూపించే చీటీ ఒకటి గ్లవ్ బాక్సులో పెట్టి పంపాం.